అమ్మ కువైట్‌లో ఉంది, ప్రార్థన చేస్తున్నా భయం పోవడం లేదు. సమాధానం, అంటే మనశ్శాంతి, అసలు ఎలా ఉంటుంది?

కోనసీమ_పిల్ల అడిగిన ప్రశ్న:

అందరికీ వందనాలు. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. నాన్న లేరు, అమ్మ కువైట్‌లో ఇంటి పని వీసా మీద చేస్తోంది, నేనూ తమ్ముడూ అమ్మమ్మ దగ్గర ఉంటాం. 2025 జూన్ 23 రాత్రి ఇరాన్ వాళ్లు ఖతర్‌లో ఉన్న అమెరికా స్థావరం మీద మిసైళ్లు వేశారు కదా, అప్పుడు కువైట్ కూడా కాసేపు విమానాలు ఆపేసింది. ఆ రాత్రి అమ్మకి ఎన్నిసార్లు చేసినా ఫోన్ కలవలేదు. తెల్లారాక తనే చేసి "ఛార్జింగ్ అయిపోయిందే, నిద్రపోయాను" అంది. మర్నాటికి కాల్పుల విరమణ అన్నారు, అందరికీ మామూలైపోయింది, నాకు మాత్రం అవ్వలేదు. ఫోన్‌లో గల్ఫ్ అనే మాట కనిపిస్తే చాలు గుండె దడ. అర్ధరాత్రి లేచి వార్తలు చూస్తాను, చూశాక ఇంక నిద్ర పట్టదు.

స్త్రీల కూడికలో చెప్పుకుంటే ఒక ఆంటీ "భయపడుతున్నావంటే నీకు విశ్వాసం తక్కువమ్మా" అన్నారు. ఇంకొకరు 91వ కీర్తన రోజుకి ఏడుసార్లు చదవమన్నారు. చదువుతున్నా. చదివినంతసేపు బాగానే ఉంటుంది, బైబిల్ మూసి ఫోన్ తీస్తే మళ్లీ అదే. ఫిలిప్పీయులకు 4:6లో దేని గురించీ చింతపడవద్దని ఉంది, నేనేమో రోజంతా చింతే, అంటే ఆజ్ఞ మీరుతున్నట్టేనా? నిజంగా సమాధానం దొరికినవాళ్లు ఉంటే చెప్పండి ప్లీజ్. భయం పూర్తిగా పోతుందా? వాక్యాలు పోస్ట్ చేసి వదిలేయకండి, అవి నా దగ్గర చాలా ఉన్నాయి.

సండేస్కూల్_టీచర్:

చెల్లీ, ముందు ఆ ఆంటీ మాట పక్కన పెట్టు. ఫిలిప్పీ పత్రిక చిన్నది, నాలుగే అధ్యాయాలు, ఈ రాత్రి వార్తల బదులు మొదటి నుంచి చివరి దాకా ఒకేసారి చదువు, ఎందుకంటే 4:6 ఒక్కటే కార్డు మీద అచ్చేసి చదివితే ఆ పత్రిక రాసిన పౌలు ఏదో కొండ మీద కూర్చుని హాయిగా రాసినట్టు అనిపిస్తుంది. ఆయన సంకెళ్లలో ఉండి రాశాడు, బతుకుతానో చస్తానో తెలియదని మొదటి అధ్యాయంలోనే ఉంది. రెండో అధ్యాయం చివరికి రా. ఫిలిప్పీ సంఘం వాళ్లు ఎపఫ్రొదితు అనే మనిషి చేత ఆయనకి సాయం పంపించారు, ఆ మనిషికి చావుకి దగ్గరయ్యేంత జబ్బు చేసింది. దేవుడు కనికరించి బతికించాడు కాబట్టి నాకు దుఃఖం మీద దుఃఖం రాలేదు, ఇప్పుడు అతన్ని మీ దగ్గరికి పంపిస్తే మీరు సంతోషిస్తారు, నా దుఃఖమూ తగ్గుతుంది అని రాస్తాడు పౌలు. తగ్గుతుంది అన్నాడు, లేదు అనలేదు. అయినవాళ్ల గురించి అంత బెంగపడ్డ మనిషే రెండు అధ్యాయాల తర్వాత చింతపడవద్దు అంటున్నాడంటే, గుండెలో అలజడి రాకూడదని చెప్పడం లేదన్నమాట. వచ్చినదాన్ని లోపలే తిప్పుకుంటూ కూర్చోకుండా ఎవరికి చెప్పాలో చెప్పమంటున్నాడు.

ఏడో వచనంలో దేవుని సమాధానం మీ హృదయాలకి కావలి ఉంటుంది అని ఉంది చూడు. ఇంటికి కావలి పెట్టారంటే ఆ చుట్టుపక్కల దొంగలు తిరుగుతున్నారనే కదా. నువ్వు అడిగినదానికి సూటిగా చెప్పాలంటే, నా మటుకు నాకు భయం పూర్తిగా పోలేదు. పిల్లాడికి జ్వరం ఎక్కువైనప్పుడు చేతులు వణికాయి, వణుకుతూనే ప్రార్థన చేశాను, వణుకుతూనే ఆస్పత్రికి తీసుకెళ్లాను. కాకపోతే ఆ భయం చెప్పినట్టల్లా ఆడలేదు, చేయాల్సిన పని చేయగలిగాను. నాకు తెలిసిన సమాధానం అదే, ఇంతకంటే పెద్దది ఎవరికైనా దొరికి ఉంటే వాళ్లు చెప్పాలి.

సిలువకి ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు "నా ప్రాణం చచ్చేంత దుఃఖంలో ఉంది" అని శిష్యులతో అన్నాడు, నాతో కూడా మెలకువగా ఉండండి అని అడిగాడు. ఆయనకి కూడా విశ్వాసం తక్కువ అంటామా?

వాగ్దానం_పట్టుకో:

ప్రైజ్ ద లార్డ్ సిస్టర్. టీచర్ గారు చెప్పింది వినడానికి బాగుంది కానీ ఇలా భయానికి చోటిస్తే అది పెరుగుతుంది తప్ప తగ్గదు. దేవుడు మనకి పిరికితనం గల ఆత్మ ఇవ్వలేదు, 2 తిమోతి 1:7. 91వ కీర్తన నోటితో ఒప్పుకోండి, మీ అమ్మగారి పేరు పెట్టి చదవండి. "నీ గుడారానికి ఏ తెగులూ రాదు" అని దేవుడే మాట ఇచ్చాడు. మాట పట్టుకున్నవాళ్లకి ఏమీ కాదు, ఇది నేను గట్టిగా నమ్ముతాను.

ప్రశ్నలెక్కువ:

బ్రదర్, ఏమీ కాదు అనే మాట దగ్గరే నాకు ఇబ్బంది. 91వ కీర్తన నాకూ ఇష్టమే, మా తాతగారు చివరి రోజుల్లో రోజూ చదివించుకునేవారు. కానీ మత్తయి 4లో ఆ కీర్తననే ఎత్తి చూపించింది ఎవరు? సాతాను. దేవాలయ శిఖరం మీద నిలబెట్టి దూకు, దూతలు పట్టుకుంటారని రాసుంది కదా అన్నాడు. యేసు ఆ కీర్తన అబద్ధం అనలేదు, దేవుణ్ని పరీక్షించడానికి దాన్ని వాడను అన్నాడు. ఏడుసార్లు చదివితే ఏమీ కాదు అని లెక్క పెట్టుకోవడం కూడా ఆ దూకడం లాంటిదే అనిపిస్తుంది నాకు.

దానియేలు 3 కూడా చూడండి, అగ్నిగుండం ముందు ఆ ముగ్గురు కుర్రాళ్లు రాజుతో మా దేవుడు రక్షించగలడు అన్నారు, ఆ వెంటనే ఒకవేళ రక్షించకపోయినా నీ ప్రతిమకి మొక్కం అని కూడా అన్నారు. ఆ రెండో మాట మన సాక్ష్యాల కూడికల్లో ఎప్పుడైనా విన్నారా? హెబ్రీ 11లో కత్తి వాత నుంచి తప్పించుకున్నవాళ్లూ ఉన్నారు, మూడు వచనాలు దాటితే కత్తితో చంపబడినవాళ్లూ ఉన్నారు, అందరూ విశ్వాసులే. కువైట్‌లో ఏమీ జరగదు అనే హామీ మీద ఈ అమ్మాయి సమాధానం నిలబెడితే, రేపు ఏదైనా చిన్నది జరిగినా అమ్మ సంగతి అటుంచి విశ్వాసం కూడా పోతుంది. యేసు యోహాను 16:33లో నాయందు మీకు సమాధానం అన్నాడు, అదే ఊపిరిలో లోకంలో మీకు శ్రమ కలుగుతుంది అని కూడా అన్నాడు.

వాగ్దానం_పట్టుకో:

సరే బ్రదర్, మూడు వచనాల సంగతి ఒప్పుకుంటాను. కానీ చదవడం మానేయమని మాత్రం చెప్పకండి. చదివినంతసేపు బాగుంటుంది అని ఆమే రాసింది.

ప్రశ్నలెక్కువ:

మానమనలేదండీ. లెక్క మానమన్నాను.

పాత_గల్ఫ్_మనిషి:

అమ్మాయ్, నాది పెద్ద వయసు, టైపింగ్ తప్పులుంటే సర్దుకో. 1990 ఆగస్టు 2న సద్దాం సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. పొద్దున్న లేచేసరికి రోడ్ల మీద ట్యాంకులు. ఇప్పటిలా వాట్సాప్ లేదు, ఇంటికి ఫోన్ లేదు, నేను బతికున్నానో లేదో మా ఆవిడకి వారాల తరబడి తెలియదు. బ్యాంకులో ఉన్నది అక్కడే పోయింది, దినార్ విలువ పడిపోయింది. బస్సుల్లో ఇరాక్ మీదుగా జోర్డాన్ దాకా పోయాం, సరిహద్దు దగ్గర ఎడారిలో టెంట్లలో పడి ఉన్నాం, తర్వాత అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా విమానాల్లో బొంబాయి తీసుకొచ్చారు. అలా వచ్చిన మనవాళ్లు దాదాపు 1,70,000 మంది అని తర్వాత తెలిసింది.

ఆ టెంట్లలో సాయంత్రం మలయాళీలు, తమిళం వాళ్లు, మేము నలుగురైదుగురు తెలుగువాళ్లం కలిసి ప్రార్థన చేసేవాళ్లం. ఎవరి భాషలో వాళ్లం. నువ్వు అడుగుతున్న సమాధానం అక్కడ ఉందా అంటే, ఉంది, కానీ అది ప్రార్థన చేసేటప్పుడు తెలియలేదు నాకు. నీళ్ల ట్యాంకర్ వస్తే అందరూ మీద పడేవారు, నేనూ పడేవాణ్ని. ఒకరోజు ప్రార్థన గుంపులో ఒకాయన, ఈ తోపులాటలో ముసలివాళ్లకి నీళ్లు అందడం లేదు, మనం ముందు వాళ్లకి పట్టిద్దాం అన్నాడు. అన్నాడు కాబట్టి చేశాం. ఆ పని మొదలుపెట్టాక రాత్రిళ్లు కొంచెం నిద్ర పట్టింది. భయం మాత్రం విమానం బొంబాయిలో దిగేదాకా ఉంది, ఉండదని ఎవరన్నా చెబితే నమ్మకు.

ఇంకో సంగతి. ప్రార్థన చేసి ఊరుకోకుండా ఈ పనులు చెయ్యి. అమ్మ పాస్‌పోర్టు, వీసా, సివిల్ ఐడీ ఫోటోలు నీ దగ్గర ఉన్నాయా? లేకపోతే ఇవాళే పంపించమను, పాస్‌పోర్టు కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) దగ్గర ఉంటే ఆ కాపీయే రేపు ఆధారం. పనిచేసే ఇంటి అడ్రసు, యజమాని నంబరు, పక్కింట్లో మన మనిషి ఎవరన్నా ఉంటే వాళ్ల నంబరు రాసి పెట్టుకో. అక్కడి ఇండియన్ ఎంబసీ హెల్ప్‌లైన్ నంబర్లు అమ్మ ఫోన్లో ఉండాలి. ఏదన్నా కష్టం వస్తే కేంద్రం వాళ్ల మదద్ పోర్టల్‌లో ఇక్కడి నుంచి నువ్వే ఫిర్యాదు పెట్టొచ్చు, ప్రవాసాంధ్రుల కోసం ఉన్న ఏపీఎన్‌ఆర్‌టీ సంస్థ వాళ్లకీ హెల్ప్‌లైన్ ఉంది. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి అమ్మమ్మకి కూడా తెలిసేలా గోడకి అంటించు.

నైట్‌డ్యూటీ_నర్సు:

తమ్ముళ్లు వాక్యం గురించి బాగానే వాదించుకున్నారు కానీ ఈ పిల్ల నిద్ర పోవడం లేదని రాసింది, దాని గురించి ఎవరూ మాట్లాడరేంటి? 1 రాజులు 19లో ఏలీయా నన్ను చంపెయ్ ప్రభూ అని చెట్టు కింద పడుకుంటే దేవుడు ముందు బోధ చేయలేదు. దూత వచ్చి లేచి తిను అన్నాడు, కాల్చిన అప్పం, నీళ్లు ఇచ్చాడు. తిని మళ్లీ పడుకున్నాడు, మళ్లీ లేపి మళ్లీ తినమన్నాడు. మాట్లాడటం ఆ తర్వాత, కొండ దగ్గర.

కాబట్టి అమ్మా, రాత్రి ఫోన్ అమ్మమ్మ గదిలో పెట్టు. అమ్మ ఫోన్ వస్తుందేమో అంటావు, తెలుసు, రింగ్ పెద్దగా పెట్టి అక్కడ ఉంచు, మోగితే వినిపిస్తుంది. వార్తలు మాత్రం పగలు ఒకసారి చాలు. గుండె దడ, నిద్ర లేకపోవడం వారాల తరబడి ఇలాగే ఉంటే డాక్టర్‌కి చూపించుకో. మానసిక ఆరోగ్యం కోసం టెలీ మానస్ అని 14416 నంబరు ఉంది, గవర్నమెంటుదే, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. డాక్టర్ దగ్గరికి వెళ్తే విశ్వాసం లేనట్టు అని ఎవరైనా అంటే, 1527లో జర్మనీలోని విట్టెన్‌బర్గ్‌లో ప్లేగు వచ్చినప్పుడు మార్టిన్ లూథర్ ఏం రాశాడో వాళ్లకి చెప్పు. దేవుణ్ని కాపాడమని అడుగుతాను, ఇంటికి పొగ వేస్తాను, మందులు ఇస్తాను, నేనూ తీసుకుంటాను, నాకు పని లేని చోటికి పోను, పొరుగువాడికి నేను కావలసి వస్తే మాత్రం వెళ్తాను అని రాశాడు. ఊరు వదలకుండా అక్కడే ఉండి రోగుల్ని చూసుకున్న మనిషి ఆయన. మా ఇంట్లో లూథరన్లం కాబట్టి చిన్నప్పటి నుంచి వింటున్నాం, కరోనా సెకండ్ వేవ్‌లో వార్డుకి వెళ్లేటప్పుడు నాకు బాగా పనికొచ్చింది, పీపీఈ కిట్ వేసుకుంటూ ప్రార్థన చేసుకునేదాన్ని, రెండూ కావాలి మరి.

ఇంతకీ ఒకటి అడుగుతాను. ఇంత భయం గురించి రాశావు, అమ్మ ఏమనుకుంటోందో ఒక్క ముక్క లేదు. ఆమెతో దీని గురించి ఎప్పుడైనా మాట్లాడావా?

కోనసీమ_పిల్ల:

అందరికీ చాలా థాంక్స్. అక్కా, మీ ప్రశ్న చూశాక శుక్రవారం అమ్మ ఖాళీగా ఉన్నప్పుడు అడిగాను. ఆ రాత్రి అసలు నిద్రపోలేదంట. ఇంట్లో వాళ్లంతా హాల్లో టీవీ ముందు కూర్చుంటే తను వంటింట్లో ఒక్కతే ఉందంట, ఫోన్లో నా మిస్డ్ కాల్స్ అన్నీ పొద్దున్న చూసిందంట, నేను బెంగపడతానని ఛార్జింగ్ అని చెప్పిందంట. నేనేమో అమ్మ కంగారుపడుతుందని బాగున్నాను బాగున్నాను అంటున్నాను. ఇద్దరం చాలాసేపు ఏడ్చాం. ఇప్పుడు రోజూ రాత్రి పడుకునే ముందు ఫోన్లోనే కలిసి ప్రార్థన చేసుకుంటున్నాం, ఇద్దరం ఆరోజు దేనికి భయపడ్డామో ముందు చెప్పుకుని. అమ్మ భయాలు వేరేగా ఉన్నాయి, యుద్ధం కంటే తమ్ముడి ఫీజు గురించే ఎక్కువ.

భయం పోలేదు. కానీ రాత్రి వార్తలు చూడటం తగ్గింది, అది నిజం. పాస్‌పోర్టు ఫోటో వచ్చింది, గోడకి కాగితం అంటించాం.

ఒక్క డౌట్ ఉంది. అమ్మని వచ్చేయమని అడగాలనిపిస్తోంది. అది దేవుణ్ని నమ్మకపోవడం అవుతుందా?

ప్రశ్నలెక్కువ:

అవ్వదు. హేరోదు రాజు బిడ్డని చంపిస్తాడని తెలిసి యోసేపు రాత్రికి రాత్రే తల్లినీ బిడ్డనీ తీసుకుని ఐగుప్తుకి పారిపోయాడు, దేవదూతే చెప్పాడు పారిపొమ్మని. పౌలుని దమస్కులో గంపలో కూర్చోబెట్టి గోడ మీద నుంచి దింపేశారు. ఉండటమూ విశ్వాసంతోనే, వచ్చేయడమూ విశ్వాసంతోనే కుదురుతుంది.

పాత_గల్ఫ్_మనిషి:

అడుగు, కానీ ఏడుస్తూ అడగకు, లెక్క వేసుకుని అడుగు. ఏజెంటు అప్పు ఎంత మిగిలింది, వీసా గడువు ఎప్పటిదాకా, మధ్యలో వచ్చేస్తే టికెట్ ఎవరు పెట్టుకోవాలి, తమ్ముడి చదువు ఇంకా ఎన్నేళ్లు. ఈ నాలుగూ అమ్మ దగ్గర కనుక్కుని ఇక్కడ రాయి. మా పేట నుంచి కిందటేడు ఒకావిడ మధ్యలోనే వచ్చేసింది, ఆమె ఎలా తేల్చుకుందో కనుక్కుని చెబుతాను.