పూచీ, బాధ్యత, జవాబుదారీ: కంపెనీకి ఏ మాట అంటుకుంటాది?

రాయగడ నుంచి: మా అబ్బాయి లా చదువుతున్నాడండి, వాడికోసం 2011లో ఐక్యరాజ్యసమితి ఒప్పుకున్న వ్యాపారం, మానవ హక్కుల సూత్రాలు తెలుగులో రాసిద్దామని కూచున్నాను, మొదట్లోనే చతికిలబడ్డాను. హక్కులు కాపాడ్డం ప్రభుత్వాల డ్యూటీ అంట, వాటిని గౌరవించడం కంపెనీల రెస్పాన్సిబిలిటీ అంట. నేను రెంటికీ బాధ్యత అనే రాసేసేను. మావాడు చూసి నాన్నా కొంప ముంచేవు, కావాలనే రెండు మాటలు పెట్టేరక్కడ అన్నాడు. డ్యూటీ అంటే చట్టం కట్టేసింది, రెండోది లోకం కంపెనీ నుంచి ఆశించేది, అంతే. కంపెనీల్ని కూడా కట్టేసే ఒప్పందం కోసం 2014 నుంచి మాటాడుకుంటూనే ఉన్నారు. ఏ మాట వాడమంటారు? ఒడియావాళ్ళు ఉత్తరదాయిత్వ అంటారు, బాగుంది గానీ మనోళ్ళకి పోస్ట్‌మేన్ గుర్తొస్తాడు.

పర్లాకిమిడి నుంచి: డ్యూటీకి విధి అనీండి.

రాయగడ నుంచి: ప్రభుత్వాల విధి అంటే మావాళ్ళు తలరాత అనుకుంటారు బాబూ, అదీ తప్పు కాదేమో. కర్తవ్యం అంటాను.

గుణుపురం నుంచి: మాస్టారూ, పూచీ అనే మాట మర్చిపోయేరు. మా సంతలో ఎడ్లు అరువుకి కొన్నప్పుడు పక్కనున్నోడు నాది పూచీ అన్నాడంటే, కొన్నోడు ఎగ్గొడితే అమ్మినోడొచ్చి వీడి అరుగుమీదే కూచుంటాడు. మా తాత ఇలాగే ఎవడి అప్పుకో సొంత ఎడ్లు తోలిచ్చేసేడు. తల్లి కంపెనీ, పిల్ల కంపెనీ గొడవ అచ్చం ఇదే కదండీ.

పర్లాకిమిడి నుంచి: పూచీ నోటితో పడాలి కదా. కంపెనీ ఎప్పుడు పడింది?

గుణుపురం నుంచి: మజా అక్కడే ఉంది. జాంబియాలో రాగి గని నీళ్ళు తమ వాగుల్ని, పొలాల్ని పాడుచేసేయని 1,826 మంది లండన్లో వేదాంత అనే గనుల కంపెనీ మీద కేసు వేసేరు, గని నడిపేది దాని పిల్ల కంపెనీ. ఆ గొడవ మాది కాదంది తల్లి. పిల్ల కంపెనీల పర్యావరణ పద్ధతులు మేమే చూస్తాం అని అదే అచ్చేసుకున్న కాయితాలున్నాయి, అవి కూడా చూసి బ్రిటన్ సుప్రీంకోర్టు 2019లో కేసు ఇక్కడే నడవొచ్చు అంది. తప్పు రుజువైందని కాదు, పూచీ ఉందో లేదో విచారించొచ్చు అని. 2021లో రాజీ అయిపోయింది, తప్పు ఒప్పుకోకుండానే.

రాయగడ నుంచి: వేదాంత పేరు వింటే మాకు గుర్తొచ్చేది నియమగిరే, దానికోసం బాక్సైట్ గని తవ్వాలనుకున్న మా కొండలు. 2013లో మన సుప్రీంకోర్టు పల్లిసభల్ని, అంటే ఊళ్ళోవాళ్ళ సభల్ని, అడగమంటే పన్నెండుకి పన్నెండూ గని వద్దన్నాయి, ఏడు మా జిల్లావే. అది తవ్వకముందు అడిగిన మాట, పూచీ తవ్వేక వచ్చేది. సరే, తల్లి కంపెనీ కేసుల దగ్గర పూచీ రాస్తాను, మిగతాచోట్ల బాధ్యత. ఇంక రెమెడీ అనే మాట ఉంది, జరిగిన నష్టాన్ని సరిదిద్దడం అన్నమాట. పరిహారం అంటే డబ్బొకటే అనిపిస్తంది, ఆ సూత్రాల్లో క్షమాపణ చెప్పడం, పోయింది తిరిగి ఇవ్వడం కూడా అందులోవే. దీనికేటందాం?