పదకొండేళ్ళ వీధికుక్కని పర్లాకిమిడి నుంచి జర్మనీకి తీసుకెళ్ళాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

వంశధార ఒడ్డు:

నమస్తే అండీ. పర్లాకిమిడిలో మా అమ్మానాన్నల దగ్గర ఒక వీధికుక్క పెరుగుతోంది. పేరు కర్రోడు. పళ్ళు చూసి పదకొండేళ్ళు దాటి ఉంటాయన్నారు డాక్టరు గారు. బరువు 19 కిలోలు, ఆపరేషన్ అయిపోయింది, చెవికి గాటు ఉంది. వెనక కాళ్ళు కొంచెం బిగుసుకుపోతున్నాయి, మెట్లు మెల్లగా ఎక్కుతాడు. అమ్మావాళ్ళు సంక్రాంతికి విశాఖలో అన్నయ్య ఫ్లాటుకి మారిపోతున్నారు, అక్కడ కుక్కల్ని ఒప్పుకోరు. నేను జర్మనీలో ఉద్యోగం చేస్తున్నాను. డిసెంబరులో సెలవు మీద వచ్చి వాడిని తీసుకెళ్దామని అనుకుంటున్నాను.

ఇప్పుడు మే నెల. మా దగ్గరున్నది సెప్టెంబరు 28న పశువుల ఆసుపత్రిలో ఉచితంగా వేసిన రేబిస్ టీకా పుస్తకం ఒక్కటే, అదీ ఒడియాలో రాసి ఉంది. చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్ లేదు. ఇంట్లో భోగి అని నాలుగేళ్ళ ఆడకుక్క కూడా ఉంది. దాన్ని కాశీబుగ్గలో పిన్నివాళ్ళు ఉంచుకుంటామన్నారు.

డిసెంబరుకి పని అవుతుందా? ఈ వయసులో తీసుకెళ్ళడం సబబేనా? సెలవు దొరక్కపోతే నాన్నగారు తీసుకురావచ్చా?

కాగితాల పిచ్చోడు:

అవుతుందండీ, కాని జూన్ దాటనివ్వకండి. మనవైపు చాలామంది టీకాతో మొదలుపెట్టి అక్కడే దెబ్బతింటారు. ముందు చిప్, ఆ తర్వాతే టీకా. చిప్ లేకుండా వేసిన టీకా యూరప్ వాళ్ళ లెక్కలో లేనట్టే. ఆ సెప్టెంబరు టీకా కర్రోడి ఒంటికి పనిచేసి ఉంటుంది గాని కాగితానికి పనికిరాదు. పుస్తకం ఒడియాలో ఉందన్న బెంగ కూడా దాంతోపాటే పోయింది. కొత్త పుస్తకం ఇంగ్లీషులో రాయించుకోండి.

చిప్ ఐఎస్ఓ 11784, 11785 ప్రమాణాలది కావాలి. 15 అంకెలుంటాయి, 134.2 కిలోహెర్ట్జ్ మీద చదువుతుంది. చిన్న ఊళ్ళలో చిప్ వేసే డాక్టరు దొరికినా స్కానర్ ఉండకపోవచ్చు. స్కానర్ ఉందో లేదో ఫోన్లో అడిగి మరీ వెళ్ళండి. వేసే ముందు చిప్‌ని స్కాన్ చేయించండి, వేశాక మళ్ళీ చేయించండి. నంబరు చేత్తో రాయకుండా చిప్‌తో వచ్చే స్టిక్కరే పుస్తకంలో అతికించమనండి. ఒక్క అంకె తారుమారైతే ఫ్రాంక్‌ఫర్ట్‌లో వాళ్ళ దృష్టిలో అది వేరే కుక్క. టీకా పేజీలో బ్యాచ్ నంబరు, కంపెనీ పేరు, తేదీ, ఎప్పటిదాకా చెల్లుతుందో, డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. సీసా మీది లేబుల్ ఊడదీసి అతికిస్తే ఇంకా మంచిది.

రెండోది రక్తపరీక్ష. రేబిస్ విషయంలో సడలింపు ఉన్న దేశాల యూరోపియన్ యూనియన్ జాబితాలో భారతదేశం లేదు కాబట్టి రేబిస్ యాంటీబాడీ టైటర్, అంటే టీకా రక్షణ రక్తంలో ఎంతుందో కొలిచే పరీక్ష, తప్పనిసరి. టీకా వేసిన కనీసం 30 రోజులకి రక్తం తీయాలి, 0.5 ఐయూ/మి.లీ. లేదా అంతకంటే ఎక్కువ రావాలి, యూనియన్ ఆమోదించిన ల్యాబులోనే చేయించాలి. రక్తం తీసిన తేదీ నుంచి మూడు నెలలు ఆగాలి. రిపోర్టు తేదీ నుంచి కాదు, దీంట్లో చాలామంది పొరబడతారు. 0.5 కంటే తక్కువొస్తే మళ్ళీ టీకా, మళ్ళీ 30 రోజులు, మళ్ళీ మూడు నెలలు. అందుకే ఒక్క డోసు మీద ఆధారపడొద్దు. ఒకే డోసు వేసిన కుక్కల్లో యాంటీబాడీలు తొందరగా దిగిపోతాయి.

మీ లెక్క ఇలా వేయండి. జూన్ 1న చిప్, అదే పూట టీకా. జూన్ 29న రెండో డోసు. జులై 30న రక్తం. అక్టోబరు 30 దాటాక ఎప్పుడైనా బయల్దేరొచ్చు. డిసెంబరుకి నెల వెసులుబాటు మిగులుతుంది.

రక్తాన్ని రక్తంగా పంపకూడదు. ఎర్రమూత ట్యూబులో తీసి, గడ్డకట్టాక సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైన తేలిన సీరం వేరుచేసి, ట్యూబు మీద చిప్ నంబరు రాసి చల్లగా పంపాలి. ఒక మిల్లీలీటరు సీరం చాలు. ఎర్రగా మారిన సీరాన్ని ల్యాబు వాళ్ళు తిప్పి పంపేయొచ్చు. జర్మనీలో గీసెన్ విశ్వవిద్యాలయం వైరాలజీ ల్యాబు, ఫ్రాన్సులో నాన్సీ ల్యాబు ఆమోదం ఉన్నవే. మీరు అక్కడే ఉన్నారు కాబట్టి ఫారాలు, ఫీజు మీరే చూసుకోవచ్చు. ఒక మంచి విషయం: టీకా గడువు తప్పకుండా వేయిస్తూ ఉంటే ఈ టైటర్ యూరప్‌కి జీవితాంతం చెల్లుతుంది.

నాన్నగారి సంగతి: తీసుకురావచ్చు, మీరు రాసిచ్చిన అధికార పత్రం ఉంటే. అయితే యజమాని ప్రయాణానికీ కుక్క ప్రయాణానికీ మధ్య ఐదు రోజులకంటే తేడా ఉండకూడదు. మీరు జర్మనీలో కూర్చుని, ఆయన్ని డిసెంబరులో కుక్కతో రమ్మంటే కుదరదు. అప్పుడది వ్యాపార రవాణా కింద లెక్క, ఆ నిబంధనలే వేరు. టికెట్టు ఎవరిదైనా మీరూ ఆ ఐదు రోజుల్లో ప్రయాణం చేసి తీరాలి.

గరివిడి గేటు:

పైవారు కాగితాలు చెప్పారు, నేను ఒళ్ళు చెప్తాను. చిప్‌కి ముందే, ఈ మే నెలలోనే ఒక పూర్తి రక్తపరీక్ష చేయించండి. వీధిలో పెరిగి, ముసలితనం దాకా వచ్చిన మనవైపు కుక్కల్లో పిడుదు జ్వరం లోపల దాగి ఉండటం మామూలే. పిడుదులు అంటించే ఎర్లికియా అనే బ్యాక్టీరియా ఏళ్ళ తరబడి పైకి తెలియకుండా ఉంటుంది. ప్లేట్‌లెట్లు తగ్గుతాయి, మూత్రంలో ప్రొటీన్ పోతుంది, మెల్లగా కిడ్నీలు దెబ్బతింటాయి. పిడుదుల వల్లే వచ్చే ఇంకో జబ్బు బెబీసియా ఉంటే రక్తహీనత. ఒంట్లో జబ్బు పెట్టుకుని టీకా వేయించడం మంచిది కాదు. ఎర్లికియా తేలితే డాక్సీసైక్లిన్, కిలోకి రోజుకి 10 మిల్లీగ్రాముల చొప్పున 28 రోజులు. 19 కిలోలకి 190 మిల్లీగ్రాములు, రెండు పూటలుగా ఇవ్వొచ్చు. అన్నంతో పెట్టాలి, ఖాళీ కడుపున గొంతులో ఇరుక్కుంటే పుండు పడుతుంది. అలాంటప్పుడు టీకా జూన్ చివరికి జరపండి. జరిపినా డిసెంబరు అందుతుంది, కాకపోతే వెసులుబాటు మిగలదు.

దురదకి ఎవరైనా ప్రెడ్నిసలోన్ లాంటి స్టెరాయిడ్ ఇస్తున్నారేమో కనుక్కోండి. ఎక్కువ మోతాదులో వాడితే టీకాకి యాంటీబాడీలు సరిగా రావు, టైటర్ తప్పొచ్చు.

అడగాల్సిన పరీక్షలు: సీబీసీ, బ్లడ్ స్మియర్, క్రియాటినిన్, యూరియా, లివర్, మూత్రం సాంద్రత, మూత్రంలో ప్రొటీన్-క్రియాటినిన్ నిష్పత్తి. గుండెలో మర్మర్ (అదనపు చప్పుడు) వినబడితే ఎక్స్‌రే, ఎకో. పర్లాకిమిడిలో అన్నీ దొరక్కపోతే గరివిడి వెటర్నరీ కాలేజీ మీకు అందుబాటులోనే ఉంది, లేదా భువనేశ్వర్‌లో ఓయూఏటీ కాలేజీ. సెప్టెంబరులో ఇవే పరీక్షలు మళ్ళీ చేయించండి. రెండు రిపోర్టులు పక్కన పెట్టి చూస్తేనే కిడ్నీ నిలకడగా ఉందా, దిగుతోందా అన్నది తెలుస్తుంది. వెళ్ళాలా వద్దా అన్న మీ ప్రశ్నకి జవాబు అక్కడ ఉంటుంది, వయసులో కాదు. నిలకడగా ఉన్న పదకొండేళ్ళ వాడిని తీసుకెళ్ళొచ్చు. దిగుతున్న ఎనిమిదేళ్ళ దాన్ని తీసుకెళ్ళొద్దంటాను.

కాళ్ళ బిగువుకి మెలాక్సికామ్ ఇస్తుంటే ప్రయాణం రోజు సంగతి డాక్టరుని ముందే అడగండి. దారిలో నీళ్ళు తక్కువ తాగుతాడు, ఒళ్ళు ఎండిపోయినప్పుడు ఆ మందు కిడ్నీ మీద పడుతుంది. మనుషుల నొప్పి మాత్రలు మాత్రం ముక్క కూడా వద్దు. పళ్ళు తీయించాల్సి ఉంటే ఆగస్టు, సెప్టెంబరుల్లో తీయించేయండి, ప్రయాణం ముందు నెలలో మత్తు పెట్టించకండి. మత్తు అంటే గుర్తొచ్చింది, విమానానికి నిద్రమందు ఇవ్వొద్దు. బీపీ పడిపోతుంది, ఒంటి వేడిని సర్దుకోలేడు, పైన చూసేవాళ్ళు ఉండరు. మత్తుగా కనిపిస్తే ఎయిర్‌లైన్స్ వాళ్ళే వెనక్కి పంపేస్తారు.

వంశధార ఒడ్డు:

ఇద్దరికీ ధన్యవాదాలండీ. ఐదు రోజుల సంగతి నాకు తెలియదు, సెలవు ఖాయం చేసుకుంటాను. పెట్టె గురించి ఎవరైనా చెప్పగలరా? కర్రోడికి బోను కనిపిస్తే వణుకు. ముక్కు నుంచి తోక మొదలు దాకా 76 సెం.మీ., నేల నుంచి మోచేయి 38, భుజాల వెడల్పు 21, నిలబడితే చెవి కొన దాకా 66. పర్లాకిమిడి నుంచి ఎయిర్‌పోర్టుకి రైల్లో తేవచ్చా?

పలాస పార్సిల్:

కొలతలు సరిగ్గా తీశారు. విమానసంస్థల సంఘం ఐఏటీఏ లెక్క ఇది: పొడవుకి 76లో మోచేయి ఎత్తు సగం 19 కలపాలి, 95 అయింది. వెడల్పు భుజాలకి రెట్టింపు, 42. ఎత్తు 66, పైన పరుపు మందం. బజార్లో దొరికే ప్లాస్టిక్ పెట్టెల్లో 400 సైజు సుమారు 91 సెం.మీ. పొడవే ఉంటుంది, నాలుగు సెంటీమీటర్లు తక్కువ. దాంతో వెళ్తే కౌంటర్లో తిప్పి పంపుతారు. 500 సైజు తీసుకోండి, సుమారు 102, 69, 76. అంతకంటే పెద్దది మాత్రం కొనకండి. కార్గోలో కుక్క బరువు కాదు, పెట్టె ఘనపరిమాణం చూస్తారు. మూడు కొలతలూ గుణించి 6000తో భాగిస్తే 89 కిలోలు. 19 కిలోల కర్రోడికి 89 కిలోల కిరాయి అన్నమాట! ఊళ్ళో వడ్రంగి చేత చెక్కపెట్టె చేయిస్తే చవకని అనుకుంటారు గాని, పురుగు లేకుండా శుద్ధి చేశారని చెప్పే ఐఎస్‌పీఎం 15 ముద్ర లేని చెక్క యూరప్‌లో దిగదు.

ప్లాస్టిక్ క్లిప్పులు తీసేసి ఇనప నట్లు బోల్టులు బిగించండి. గాలి నాలుగు వైపులా ఆడాలి. చక్రాలుంటే ఊడదీయాలి. నీళ్ళగిన్నె తలుపు లోపలి వైపు, బయట నుంచి పోయడానికి వీలుగా ఉండాలి. ముందురోజు రాత్రి గిన్నెలో నీళ్ళు గడ్డకట్టించి పెడితే ఒలకవు, మెల్లగా కరుగుతాయి. కింద పీల్చే ప్యాడ్లు రెండు మూడు పొరలు వేయండి, ముసలివాడు ఆపుకోలేడు.

వణుకు సంగతి. వలవేసి పట్టుకుని, వ్యాన్లో పడేసి, ఆపరేషన్ చేసి వదిలిన కుక్కకి బోను అంటే అదే గుర్తు. అందుకని జూన్‌లోనే కొని తలుపు పూర్తిగా విప్పేసి, పై డొప్ప కూడా తీసేసి, కింది సగం మాత్రం వాడు పడుకునే మూలన పెట్టండి. అమ్మగారి పాత చీర అందులో వేయమనండి. అన్నం అక్కడే. తనంతట తాను అందులో పడుకోవడం మొదలయ్యాకే పై డొప్ప బిగించాలి. ఆ తర్వాత తలుపు, ముందు ఊరికే తగిలించి, తర్వాత తింటున్నంత సేపు మూసి, నెల గడిచేసరికి రాత్రంతా. లోపలికి నెట్టారంటే మళ్ళీ మొదటికొస్తుంది. అక్టోబరులో పెట్టెతో సహా కారులో టెక్కలి దాకా తిప్పి తెండి.

రైలు వద్దండీ. ఫస్ట్ ఏసీలో కూపే లేదా క్యాబిన్ మొత్తం మన పేరున ఉంటేనే పక్కన కూర్చోబెట్టుకోనిస్తారు, సెకండ్, థర్డ్ ఏసీల్లో అసలు కుదరదు. బ్రేక్ వ్యాన్లో డాగ్ బాక్సు ఈ వయసుకి శిక్ష. కారే నయం, రెండు మూడు గంటలకోసారి దింపి నీళ్ళు పట్టండి. బెంగళూరు నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి నేరుగా విమానం ఉంది. ఒక రోజు ముందే చేరి వాడిని పడుకోనివ్వండి. గల్ఫ్‌లో మారే టికెట్టు చవకని తీసుకోకండి.

భోగి పళ్ళు:

అందరూ వెళ్ళేవాడి గురించే రాస్తున్నారు. ఉండిపోయే భోగి సంగతి? జంటగా పెరిగిన కుక్కల్ని ఒకే వారంలో విడదీసి, ఇల్లు కూడా మార్చేస్తే చిన్నది అన్నం మానేస్తుంది, గేటు దాటి పాత ఇంటికి పరిగెడుతుంది. కాశీబుగ్గ నుంచి పర్లాకిమిడి రోడ్డు మీద లారీలెన్నో మీకు తెలుసు. అక్టోబరు నుంచే భోగిని పిన్నిగారింట్లో రెండేసి రోజులు ఉంచి తీసుకురండి, తర్వాత వారం. కర్రోడు వెళ్ళే ముందే అది అక్కడ స్థిరపడాలి. మొదటి నెల గొలుసు లేకుండా బయటికి వదలొద్దు. దానికీ చిప్ వేయించండి, తప్పిపోయినా స్కాన్ చేస్తే ఎవరిదో తెలుస్తుంది.

పైన గరివిడి గారి మాట నాకు పూర్తిగా ఒప్పుదల కాదు. రిపోర్టులు బాగున్నా, మనుషుల్ని పట్టుకుని వేలాడే కుక్క వేరు, వీధి మొత్తం తనదనుకునే కుక్క వేరు. రోజూ రాజవీధి అంతా తిరిగి ఇంటికి అన్నానికి మాత్రమే వచ్చేవాడైతే, మూడో అంతస్తు ఫ్లాటులో గొలుసుతో రోజుకి మూడుసార్లు కిందికి దిగే బతుకు వాడికి కష్టమే. అలాంటివాడికి ఆ వీధిలోనే అన్నం పెట్టే ఇల్లు వెతకడం మేలు. ఇంట్లోనే పడుకుని, మీ అమ్మగారి వెనకే తిరిగేవాడైతే నిక్షేపంగా తీసుకెళ్ళండి.

గరివిడి గేటు:

భోగి పళ్ళు గారూ, ఒప్పుకుంటున్నాను, రక్తపరీక్షలో అది కనబడదు. ఒకటి కలుపుతాను. పఖాళ, చద్దన్నం, కోడికాళ్ళు తిన్న కడుపు అక్కడి పొడిమేతకి ఒక్కసారిగా మారితే విరేచనాలే. ప్రయాణికుల సంచుల్లో మాంసం, పాల పదార్థాలు యూరప్‌లోకి రానివ్వరు, కాబట్టి ఇంటి తిండి కట్టుకెళ్ళలేరు. అక్కడ దొరికే మేతనే ఇక్కడ కొని, పదిరోజుల మీద పాళ్ళు పెంచుతూ అలవాటు చేయండి. ప్రయాణం రోజు నాలుగు నుంచి ఆరు గంటల ముందు కొద్దిగా తిండి, నీళ్ళు మాత్రం చివరిదాకా. పిడుదుల మాత్ర వారం ముందు వేయండి. మన గోధుమరంగు పిడుదు ఇళ్ళ లోపలే గుడ్లు పెట్టి బతకగలదు, వేడి చేసిన జర్మనీ ఫ్లాటు దానికి హాయి.

కాగితాల పిచ్చోడు:

చివరి పదిరోజుల పని మిగిలింది. యూరప్ ఆరోగ్య ధ్రువపత్రం జారీ అయిన పదిరోజుల్లోపు ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగాలి. ఇక్కడ ఏక్యూసీఎస్, అంటే కేంద్ర ప్రభుత్వ జంతు క్వారంటైన్ కార్యాలయం, అనుమతి కావాలి. బెంగళూరు నుంచి ఎగిరేట్టయితే అక్కడి కార్యాలయంలోనే తీసుకోండి. ఆన్‌లైన్‌లో ముందే దరఖాస్తు పెట్టి, అపాయింట్‌మెంట్ ప్రయాణానికి ముందు వారంలో పడేలా చూసుకోండి. చిప్, టీకా, టైటర్ అసలు కాగితాలు, ఐదు రోజుల ప్రకటన మీద మీ సంతకం, అన్నీ ఒకే ఫైలులో. ధ్రువపత్రం మీద అధికారి సంతకం, ముద్ర అచ్చు రంగులో ఉండకూడదు. ఫారం నల్లగా అచ్చయితే నీలం పెన్ను, నీలం ముద్ర అడగండి. ప్రతి పేజీ చూసుకుని గాని కౌంటరు వదలకండి. ఫారం నమూనాలు మారుతుంటాయి, నవంబరులో జర్మన్ కస్టమ్స్ సైటు నుంచి కొత్తది దించుకోండి.

అక్కడ దిగాక కస్టమ్స్ ఎర్ర ఛానెల్లో వెళ్ళి మీరే చూపించాలి. తర్వాత మునిసిపాలిటీలో కుక్క పన్ను, తప్పిపోయిన పెంపుడు జంతువుల రిజిస్టరు టాసోలో చిప్ నమోదు. ఇంటి యజమాని దగ్గర కుక్కకి అనుమతి మాత్రం ఇప్పుడే రాతపూర్వకంగా తీసుకోండి. ఇంకొకటి, డిసెంబరు 31 రాత్రి అక్కడ మన దీపావళిని మించి టపాసులు కాలుస్తారు. టికెట్టు డిసెంబరు మొదటి రెండు వారాల్లోనే తీయండి, ఆ రాత్రికల్లా కర్రోడికి ఇల్లు అలవాటై ఉండాలి.