శీతశైలమా, సితశైలమా?

నలుపు తెలుపు ఫోటో ఒకదాన్ని రెండు రోజులుగా చూస్తున్నాను. చలికాలపు కొండవాలు, ఆకులు రాలిన నాలుగు చెట్లు, నడుమ గడ్డకట్టిన వాగు. చూసినప్పుడల్లా అల్లసాని పెద్దన మనుచరిత్రలో ప్రవరుడు హిమాలయం చేరిన పద్యమే నోట్లో ఆడుతోంది: "...గటక చరత్కరేణు కర కంపిత సాలము సితశైలమున్". ఆఖరి మాట ‘సిత’మేనా? ఫోటోకి మాత్రం అదే అతికింది.

— శీతశైలమండీ. చంపకమాల కదా, అక్కడ ‘ము శీత’ జగణం, అంటే లఘువు, గురువు, లఘువు. ‘సి’ పెడితే మూడూ లఘువులై పాదం కుంటుతుంది.

— గణం సరే, ఆ పొరపాటు నాకు నచ్చింది. సితం తెలుపు, అసితం నలుపు. ఇలాంటి ఫోటోకి ‘సితాసితం’ కంటే మంచి పేరుందా?

— పేరు బాగుంది. కానీ పెద్దన తెలుపు మాటే ఎత్తలేదు చూడండి. ఆ పద్యంలో మంచు కూడా లేదు! అలలు మృదంగాలై మోగుతాయి, నెమళ్ళు ఆడతాయి, ఏనుగులు చెట్లను ఊపుతాయి. ఇంత సందడి అయ్యాక ఆఖరి మాటలో ‘శీత’ అన్నప్పుడు చలి ఒంటికి తగులుతుంది. అక్కడ ‘సిత’ అంటే అది కంటి దగ్గరే ఆగిపోతుంది. అందుకే పెద్దన పెద్దన.

— విప్పిన పురి రంగు కాదా మాస్టారూ? అయినా నా పేచీ అదే పద్యం మొదటి పాదంలోని ‘శిరస్సరజ్ఝరీ’ దగ్గర. నాకు నోటికొచ్చింది ‘స్రవజ్ఝరీ’. సరత్ అంటే పారేది, స్రవత్ అంటే కారేది. గణాలు రెండింటికీ సరిపోతాయి, యతిప్రాసలు అడ్డురావు.

— సరజ్ఝరీయే. వెంటనే ‘ముహుర్ముహుర్లుఠత్’ అని అలలు దొర్లుతున్నాయి. కారే నీళ్ళు మృదంగం మోగిస్తాయా?

— మంచు కరిగితే ముందు కారుతుంది, తర్వాతే పారుతుంది. ప్రవరుణ్ణి హిమాలయం చేర్చిన కాలి పసరు పోయిందీ ఆ కరిగిన నీటికే.

— ఫోటోలు తీసేవాడిగా ఒక మాట. వెలుతురు కొలిచే కెమెరా మీటర్ దేన్నైనా నడిమి బూడిదరంగుగానే లెక్కేస్తుంది. దాన్ని నమ్మితే మంచు మసకబారుతుంది. ఒకటి రెండు స్టాప్‌లు (స్టాప్ పెరిగితే వెలుతురు రెట్టింపు) ఎక్కువ వెలుతురు ఇవ్వాలి. మరీ ఇస్తే మంచు గరుకంతా పోయి వట్టి కాగితం మిగులుతుంది. అసలు మీ ఫోటోలో పూర్తి తెలుపు ఎంతుందో చూడండి.

— చూశానండీ. వాగు ఒడ్డున సన్నటి గీత, అంతే. మిగతాదంతా బూడిదరంగే, ఎన్ని ఛాయలో! ‘సిత’ వదులుకున్నాను. కానీ ఆ వాగు కదలడం లేదు. సరత్ కాదు, స్రవత్ కాదు. దాన్ని ఝరి అనొచ్చా?

— అనకూడదు. ఝరి అంటేనే ప్రవాహం.

— అనొచ్చు. పైన గడ్డకట్టినా అడుగున నీళ్ళు పారుతూనే ఉంటాయి. కాబట్టి సరత్.

— అంచుల్లో చుక్కచుక్కా కారుతుంది కూడా. స్రవత్.