వీఆర్వో (గ్రామ రెవెన్యూ అధికారి) పోస్టు తీసేసినా లంచం పోలేదు. మళ్లీ ఊరికో అధికారిని పంపడం సరైనదేనా?

ఎర్రనేల:
తెలంగాణలో 2020 సెప్టెంబరులో చట్టం చేసి గ్రామ రెవెన్యూ అధికారి పోస్టునే రద్దు చేశారు. ఐదేళ్లు తిరిగేసరికి, 2025లో, పాత వీఆర్వోలకూ వీఆర్‌ఏలకూ (గ్రామ రెవెన్యూ సహాయకులకూ) పరీక్ష పెట్టి, గ్రామ పాలన అధికారులన్న కొత్త పేరుతో మళ్లీ ఊళ్లకు పంపారు. మూసిన తలుపును ప్రభుత్వమే తీసిందని నా అభిప్రాయం. 2016లో మా నాన్న కాలం చేశాక 2 ఎకరాల 14 గుంటల భూమిని విరాసత్ (వారసుల పేరుకు మార్పిడి) చేయించుకోవడానికి అప్పటి వీఆర్వో చేతిలో 12,000 రూపాయలు పెట్టవలసి వచ్చింది. నాలుగు నెలలు కదలని ఫైలు, డబ్బు ముట్టిన తొమ్మిదో రోజున కదిలింది. ధరణి అనే ఆన్‌లైన్ భూరికార్డుల పోర్టల్‌లో ఎన్ని లోపాలైనా ఉండనీయండి, స్లాట్ బుక్ చేసుకుని వెళ్లినవారికి రిజిస్ట్రేషనూ మ్యుటేషనూ (రికార్డుల్లో పేరు మార్పూ) ఒకే రోజున అయ్యేవి, మధ్యలో ఎవరి కాళ్లూ పట్టుకోనక్కరలేదు. మనిషిని తొలగిస్తే లంచం తగ్గుతుందనడానికి నాకు ఇంతకన్న రుజువు అక్కరలేదు.

పాత పహాణీ:
2022లో లాటరీ తీసి ఇతర శాఖలకు పంచిన వీఆర్వోల్లో నేనొకణ్ని. మాలో చేయి చాచినవారు లేరని నేను వాదించను. కాని ఎర్రనేల గారు ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పాలి: మీ విరాసత్ ఉత్తర్వు మీద సంతకం ఎవరిది? వీఆర్వో విచారణ చేసి నివేదిక రాస్తాడు, ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) చూస్తారు, సంతకం తహసీల్దారుది. పై అధికారులు పర్యటనకు వస్తే భోజనాలకూ బండి డీజిలుకూ అయ్యే ప్రోటోకాల్ ఖర్చు ఏ పద్దులోంచి వస్తుందో ఎవరూ అడగరు, ఆ బరువు మాత్రం కింది ఉద్యోగి మీద పడుతుంది. 2020 ఆగస్టులో 1 కోటి 10 లక్షల రూపాయల కేసులో కీసరలో ఏసీబీ (అవినీతి నిరోధక శాఖ) అరెస్టు చేసింది తహసీల్దారును. (విచారణ ముగియకముందే ఆయన జైల్లో మరణించారు, కనుక దోషి అని నేను అనను.) ఆ మరుసటి నెలలోనే పోస్టులు పోయింది మాత్రం మావి. 1984లో పటేల్, పట్వారీలను తీసేసినప్పుడు కూడా ఊరికి పట్టిన పీడ వదిలిందనే అన్నారు.

చింతచెట్టు:
మా మండలంలో ధరణి వచ్చాక జరిగిన మార్పు ఒక్కటే: డబ్బు తీసుకునే చేతికి వయసు తగ్గింది. ఇప్పుడది పాతికేళ్ల కంప్యూటర్ ఆపరేటరుది.

ఎర్రనేల:
సంతకం ఎవరిదైనా, డబ్బు అడిగిన నోరు వీఆర్వోది. మీరు అసలు విషయాన్ని పక్కకు తోస్తున్నారు.

పాత పహాణీ:
నేను పక్కకు తోయడం లేదు. సంతకమే అసలు విషయం. అది లేకుండా నా నివేదిక చిత్తుకాగితం. పైగా అంత అన్యాయం జరిగితే మీరు 1064కు ఫోన్ చేసి ఏసీబీకి ఎందుకు చెప్పలేదు? లంచం ఇచ్చి పని చేయించుకుని, తొమ్మిదేళ్లు గడిచాక ఆ ఉద్యోగాన్నే రద్దు చేయాలనడం ఏమి న్యాయం? చట్టంలో ఇచ్చినవాడిదీ నేరమే.

కోర్టు మెట్లు:
న్యాయవాదిగా ఒక సవరణ. లంచం ఇవ్వడాన్ని విడిగా నేరం చేసింది అవినీతి నిరోధక చట్టానికి చేసిన, 2018 జులై 26 నుంచి అమలైన సవరణ. బలవంతం మీద ఇచ్చినవారు ఏడు రోజుల్లో పోలీసులకో ఏసీబీకో తెలియజేస్తే వారికి ఆ సెక్షను వర్తించదు. ముందే ఫిర్యాదు చేసి, ఏసీబీ చెప్పినట్లు వల పన్ని ఇచ్చినవారికీ వర్తించదు. ఎర్రనేల గారిది 2016 నాటి మాట. అప్పటి చట్టంలో కూడా లంచానికి ప్రేరేపించడం నేరంగానే ఉండేది కాని, లంచం ఇచ్చానని వాంగ్మూలం ఇచ్చినవారికి సెక్షన్ 24 రక్షణ ఉండేది. ఫిర్యాదుదారు కోర్టులో అడ్డం తిరిగినా, ఇతర సాక్ష్యాలతో కేసు నిలబడవచ్చని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది.

ఎర్రనేల:
ఏడు రోజులట! నా ఫైలు తొమ్మిదో రోజున కదిలింది. ఏడో రోజులోపు ఫిర్యాదు చేసి ఉంటే పని ఆగిపోయేది, చేయకపోతే నేను నేరస్థుణ్ని. ఈ చట్టం రాసినవారు ఎప్పుడైనా తహసీల్దారు కార్యాలయం బయట వేపచెట్టు కింద కూర్చున్నారా?

కోర్టు మెట్లు:
మీ లావాదేవీ నాటికి ఆ నిబంధన లేదని ఇప్పుడే రాశాను.

ఎర్రనేల:
ఉన్నా లేకపోయినా నా ప్రశ్న నిలబడుతుంది. ఏడు రోజులు ఎవరికి సరిపోతాయి?

వరినాటు:
ఈ ఏడు రోజుల లెక్కను కాసేపు ఆపండి. ఎర్రనేల గారూ, ఆ 2 ఎకరాల 14 గుంటలు ఎవరెవరి పేరున విరాసత్ అయ్యాయి? మీకు అక్కచెల్లెళ్లు ఉన్నారా?

ఎర్రనేల:
అది మా ఇంటి విషయం. ఇక్కడ మాట్లాడుతున్నది అవినీతి గురించి.

పాత పహాణీ:
ఆగండి, ఇప్పుడు నాకు అర్థమవుతున్నది. ఒక్క కొడుకే వారసుడని రాయాలంటే ఊరివాళ్ల పంచనామాలో మిగతావారి పేర్లు రాకూడదు. నా సర్వీసులో అలాంటి పని కోసం నా ఇంటికి వచ్చినవారు, కాగితం తొందరగా కావాలని వచ్చినవారికన్న ఎక్కువ. మీరు ఇచ్చిన 12,000 దేనికి?

ఎర్రనేల:
ఉద్యోగం పోయిన అక్కసు నా మీద తీర్చుకోకండి. అక్కలిద్దరికీ పెళ్లిళ్లు ఘనంగా చేశాము, కట్నాలు ఇచ్చాము. భూమి వద్దని వాళ్లే అన్నారు. రాతపూర్వకంగా తీసుకోలేదు, నిజమే, అయినా సొంత తమ్ముడికి అక్కలు కాగితం రాసివ్వాలా? నాలుగు నెలలు ఆపింది వీఆర్వోనే. అక్కల సంతకాలు లేవని ఆపాడు, డబ్బు తీసుకుని వదిలాడు. ఆపడమే తప్పు అంటున్నాను.

వరినాటు:
ఆపడం తప్పు కాదు, వదలడం తప్పు. మన ఇద్దరి తేడా ఇక్కడ ఉంది, మొదటి నుంచీ ఇదే ఉంది. మా అమ్మది కూడా ఇదే కథ, కాకపోతే ఆమె మీ అక్కల వైపు. తాతగారు పోయాక మామయ్యలు తమ ముగ్గురి పేర్లే రాయించుకున్నారు, అమ్మకు ఆ సంగతి రైతుబంధు డబ్బులు పడేదాకా తెలియదు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ తరవాత పిత్రార్జితంలో కూతురికీ కొడుకుతో సమాన వాటా ఉందని ఊళ్లో అందరికీ తెలుసు, అందుకే ఆమె పేరు కాగితంలోకి రాకుండా చూసుకున్నారు. మా ఇంట్లో ఎందరు ఆడపిల్లలున్నారో కంప్యూటరుకు తెలియదు, ఊళ్లో తిరిగే అధికారికి తెలుస్తుంది. ధరణిలో కుటుంబం చెప్పిన వారసుల జాబితానే ఆధారంగా ఉండేది, విచారణ ఉండేది కాదు, కనుక అక్కడ అడగవలసిన ప్రశ్న అడిగేవాడే ఉండేవాడు కాదు. ఒకే రోజులో పని అయిందని మీరు సంతోషించిన వేగం, మా అమ్మలాంటి వాళ్లకు కబురు అందక ముందే పని ముగించే వేగం. ధరణి స్థానంలో వచ్చిన భూభారతి చట్టంలో వారసులకు నోటీసులిచ్చి విచారించాలని పెట్టడం నాకు నచ్చింది. ఆ నోటీసు పుట్టింటి చిరునామాకే పోయి, అన్నదమ్ములే అందుకుని సంతకం చేస్తే ఏమవుతుందన్నదే నా భయం. వచ్చే అధికారి లంచగొండి కావచ్చు. అయినా అడిగేవాడు ఉండాలి.

కోర్టు మెట్లు:
అక్కలు వాటా వదులుకున్నారంటే అది నోటి మాటగా చెల్లదు. హక్కు విడుదల పత్రం రిజిస్టరు కావాలి. ఎర్రనేల గారి విరాసత్‌ను వాళ్లు ఇప్పటికీ సివిల్ కోర్టులో సవాలు చేయవచ్చు.

చింతచెట్టు:
అంటే ఆ 12,000 ఇంకా పూర్తిగా చెల్లినట్టు కాదు.

పాత పహాణీ:
వరినాటు గారు అడిగేవాడు ఉండాలన్నారు, సంతోషం. కాని అడిగేవాడికి సంతకం లేకపోతే అతను రాసింది పైన ఎవరైనా తిప్పి రాయవచ్చు. నివేదిక రాసిన రోజునే పంచనామా నకలును, వారసులందరి పేర్లతో, పంచాయతీ గోడకు అంటించి, పదిహేను రోజులు ఉంచమనండి. మా కాలంలో అలా చేసి ఉంటే నేను కూడా కొన్ని రాతలు రాయలేకపోయేవాణ్ని.

ఎర్రనేల:
గోడకు అంటించడానికి నాకు అభ్యంతరం లేదు. కాని పాత వాటికి అది వర్తించకూడదు.

వరినాటు:
ఎందుకు?