లేబుల్ పనికి ఇంక్‌జెట్ మెషిను కొనాలా, ఫ్లెక్సోతోనే నెట్టుకురావాలా?

బెజవాడ_స్టిక్కర్:
అందరికీ నమస్కారం. మాది 13 అంగుళాల ఎనిమిది రంగుల ఫ్లెక్సో, అంటే ఉబ్బెత్తు అచ్చున్న మెత్తటి ప్లేట్లతో ముద్రించే ప్రెస్. పచ్చళ్లు, నెయ్యి, వాటర్ బాటిళ్లు, ఫినాయిల్ లేబుళ్లు వేస్తాం. ఒకప్పుడు పార్టీ వచ్చిందంటే లక్ష లేబుళ్లకు తక్కువ మాట ఉండేది కాదు. ఇప్పుడు సగం మంది వెయ్యి చాలంటున్నారు, అదీ అయిదారు రకాల్లో. ఇంకు చుక్కలు చిమ్మి యూవీ దీపంతో గట్టిపరిచే యూవీ ఇంక్‌జెట్ కొందామని తమ్ముడు పట్టుబడుతున్నాడు. నాన్నగారు అంత అప్పు వద్దంటున్నారు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. నడిపినవాళ్లు చెప్పండి.

అనిలాక్స్_రోలర్:
అన్నా, నాన్నగారి మాట వినండి. ఇంక్‌జెట్ ఇంకు కిలో ధర మన ఫ్లెక్సో ఇంకుకు ఎన్నో రెట్లు. ఇంకు చిమ్మే హెడ్‌లో ఒక్క నాజిల్ (సన్న రంధ్రం) మూసుకుపోతే రోల్ పొడవునా సన్న గీత పడుతుంది. హెడ్ మార్చాల్సి వస్తే ఆ నెల లాభం దానికే పోతుంది. వేగం సంగతీ చూడండి. మూడు వరసల్లో 100 మిల్లీమీటర్ల లేబుల్ 2 లక్షలు కావాలంటే దాదాపు 7,000 మీటర్లు నడపాలి. ఫ్లెక్సో నిమిషానికి 100 మీటర్లు వెళ్లినా గంటా పది నిమిషాల్లో దించేస్తాం. ఇంక్‌జెట్ 50 మీటర్ల మీద రెండుంపావు గంటలకు పైనే తీసుకుంటుంది. తెల్ల ఇంకు కూడా వేయాలంటే ఇంకా నెమ్మదిస్తుంది. వెండి, బంగారు మెరుపు కావాలంటే మెరిసే రేకు అద్దే ఫాయిల్ స్టేషన్ ఎలాగూ ఉండాల్సిందే.

చుక్క_మీద_చుక్క:
2 లక్షల జాబ్ ఫ్లెక్సోదే, అందులో వాదన లేదు. అన్న అడిగింది వెయ్యి లేబుళ్ల గురించి. అదే కొలతకు లెక్క వేద్దాం. వెయ్యి లేబుళ్లంటే 35 మీటర్లు. ఆ 35 మీటర్ల కోసం ఫ్లెక్సోలో రంగులు కలిసి, రిజిస్టర్ (రంగులు ఒకదానిపై ఒకటి సరిగ్గా కూర్చోవడం) కుదిరేసరికి వంద మీటర్ల పేపరు చెత్తబుట్టకు పోతుంది. నాలుగు రంగుల అయిదు రకాలకు 20 ప్లేట్లు చేయించాలి. పేరు, రుచి తప్ప మిగతాదంతా ఒకటే డిజైన్ అయితే నలుపు ప్లేటొక్కటే మార్చి గట్టెక్కుతాం, కానీ ఈమధ్య ఒక్కో రకానికి ఒక్కో రంగు, ఒక్కో బొమ్మ అడుగుతున్నారు. ఇంక్‌జెట్‌లో ప్లేటే లేదు. ఫైలు మారిస్తే లేబుల్ మారిపోతుంది.

కృష్ణాతీరం:
ఒక విదేశీ శీతల పానీయం సీసాల మీద మనుషుల పేర్లు వేసి అమ్మారు కదా, అది ఇంక్‌జెట్ ఘనతేగా?

చుక్క_మీద_చుక్క:
కాదండీ. 2013లో యూరప్‌లో ఆ పేర్లు వేసింది హెచ్‌పీ ఇండిగో మెషిన్ల మీద. అది ద్రవ టోనర్ పద్ధతి, అంటే ద్రవంలో కలిపిన రంగు రేణువులను విద్యుదావేశంతో అద్దడం. ఇండిగో మొదటి డిజిటల్ ప్రెస్ 1993లోనే వచ్చింది. లేబుళ్లలో డిజిటల్‌కు దారి వేసింది టోనరే. కరెంటుకు కదిలి ఇంకు చుక్కను తోసే పీజో హెడ్లతో ఒక్క దెబ్బలో రంగులన్నీ వేసే యూవీ ఇంక్‌జెట్ ఆ తర్వాత పుంజుకుంది. కొనేముందు ఈ తేడా తెలియాలి. టోనర్ మెషిన్లకు మామూలుగా క్లిక్ లెక్కన (ఒక్కో ముద్రకు ఇంతని) బిల్లు వస్తుంది, ఇంక్‌జెట్‌లో పోసిన ఇంకును బట్టి ఖర్చు.

గుంటూరు_ఆవకాయ:
అన్నా, నేను లేబుల్ కొనేదాన్ని. ఏడు రకాల పచ్చళ్లు అమ్ముతాను. మొదట్లో ఒక ప్రెస్ వాళ్లు రకానికి పది వేలకు తక్కువైతే వేయమన్నారు. వేయించుకున్నాను. ఏడాది తిరక్కుండా షెడ్డు మారాం, అడ్రసు మారింది. మిగిలిన కట్టలన్నీ తగలబెట్టాను. అవి కాలుతుంటే నా డబ్బే కాలుతున్నట్టు ఏడుపొచ్చింది. ఇప్పుడు రకానికి 500 చొప్పున డిజిటల్‌లో వేయిస్తున్నాను. ఒక్కో లేబుల్‌కు ఎక్కువే పడుతుంది. అయినా ఉసిరికాయ సీజను అయిపోయాక నా ఇంట్లో ఉసిరి లేబుల్ ఒక్కటీ మిగలదు. మీరు 500 వేస్తానంటే మీ దగ్గరికే వస్తాను.

జీడిమెట్ల_ప్యాకింగ్:
మందుల క్యూఆర్ కోడ్ చూపించి మెషిను అమ్మేవాళ్లు ఎవరైనా వస్తే జాగ్రత్త. 300 బ్రాండ్ల మీద బార్‌కోడ్ గానీ క్యూఆర్ గానీ ఉండాలన్న నిబంధన 2023 ఆగస్టు 1 నుంచి అమల్లో ఉన్న మాట నిజమే. అందులో బ్యాచ్ నంబరు, తయారీ, గడువు తేదీలు ఉండాలి. అవి తేలేది ప్యాకింగ్ రోజునే. అందుకే మా లైన్ మీదే చిన్న థర్మల్ ఇంక్‌జెట్‌తో కొట్టేస్తాం. ఆ పని లేబుల్ ప్రెస్ దాకా రాదు.

ఇంకు_ల్యాబ్:
ధర గురించి ఇంత మాట్లాడారు, తినేవాళ్ల గురించి ఎవరూ ఎత్తలేదు. ఇంక్‌జెట్ హెడ్ లోంచి చుక్కగా పడాలంటే ఇంకు పలచగా ఉండాలి. ఆ పలచదనం మోనోమర్లతో, అంటే గట్టిపడక ముందున్న చిన్న అణువుల రసాయనాలతో వస్తుంది. యూవీ దీపం కింద సరిగ్గా గట్టిపడకపోతే అవీ, వెలుగు తగలగానే ఇంకు గట్టిపడేలా చేసే ఫొటో ఇనిషియేటర్లూ కదిలి ఆహారంలోకి చేరగలవు. 2005లో ఇటలీలో పసిపిల్లల పాలలో ఐటీఎక్స్ అనే ఇనిషియేటర్ బయటపడి, దాదాపు 3 కోట్ల లీటర్లు స్వాధీనం చేసుకోమని ఆదేశించారు. అది ఇంక్‌జెట్ కాదు, అట్టపెట్టె మీది ఆఫ్‌సెట్ ముద్రణ. కానీ ఇంకు ఆరే పద్ధతి అదే, యూవీ. యూవీ ఫ్లెక్సోకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. పచ్చడి గాజు సీసాలో ఉంటే గాజు అడ్డుకుంటుంది. అదే పచ్చడి పలచటి ప్లాస్టిక్ పౌచ్‌లో ఉంటే, పైగా నూనె తేలుతుంటే, ఆహారంలోకి తక్కువగా చేరే లో మైగ్రేషన్ ఇంకు తప్ప వేరేది వాడకండి. మెషిను డెమోకు వెళ్లినప్పుడు రంగులకంటే ముందు ఆ ఇంకు పత్రం అడగండి. ఆహార ప్యాకేజింగ్ ఇంకుకు మన దగ్గర ఐఎస్ 15495 అనే భారతీయ ప్రమాణం ఉంది, దానికి సరిపోతుందని రాసివ్వమనండి.

అనిలాక్స్_రోలర్:
ఈ మాట ఒప్పుకుంటాను. ఇంకొకటి. ప్రింటు అరగంటలో అయినా లేబుల్‌ను ఆకారానికి తగ్గట్టు కోసే డై కావాలి కదా. అయిదు పార్టీలు అయిదు ఆకారాలు అడిగితే డై దగ్గర మళ్లీ ఆగిపోతారు.

బెజవాడ_స్టిక్కర్:
డై సంగతి మాకు తట్టనేలేదు. నిన్న రాత్రి పోయిన మూడు నెలల బిల్లులు ముందేసుకుని తమ్ముడూ నేనూ కూర్చున్నాం. వదులుకున్న చిన్న ఆర్డర్లు 41, అందులో 33 ఒకే సైజు సీసాకు. అంటే ఒకే డైతో అయిపోతాయి. వచ్చే ఆరు నెలలు ఆ సైజు జాబులు తీసుకుని, హైదరాబాద్‌లో ఇంక్‌జెట్ ఉన్నవాళ్ల దగ్గర వేయించి, డై కటింగ్ ఇక్కడే చేస్తాం. పౌచ్ పని ప్రస్తుతానికి తీసుకోం. నాన్నగారు దీనికి సరే అన్నారు. గుంటూరు అక్కా, మీ సీసా చుట్టుకొలత పంపండి, మొదటి జాబ్ మీదే.