ఫీజుల పోర్టల్‌కి రియాక్ట్ కావాలా, జాంగో టెంప్లేట్లు చాలవా?

కొత్తగా_చేరా:
కాలేజీకి ఫీజులు, అడ్మిషన్ల పోర్టల్ చెయ్యాలి. మేం ఇద్దరమే, ఇద్దరికీ జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) బాగా వచ్చు, దాని టెంప్లేట్లతో పేజీ సర్వర్‌లోనే తయారవుతుంది. మేనేజర్ మాత్రం ఫ్రంటెండ్, అంటే యూజర్‌కి కనిపించే భాగం, రియాక్ట్‌లోనే (బ్రౌజర్‌లో పేజీ కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) ఉండాలంటున్నాడు. మీరైతే ఏం చేస్తారు?

జేఎస్_ప్రేమి:
రియాక్టే బ్రో. రేపు మొబైల్ యాప్ అడుగుతారు, అది సర్వర్ నుంచి డేటా తెచ్చుకునే ఏపీఐ రెడీగా ఉంటుంది. అమీర్‌పేటలో ఏ ఇన్‌స్టిట్యూట్ చూసినా రియాక్ట్ నేర్పుతున్నారు, మీరు మానేసినా మనిషి దొరుకుతాడు. టెంప్లేట్లలో జేక్వెరీ (పాత జావాస్క్రిప్ట్ లైబ్రరీ) ముక్కలు అతికించుకుంటూ పోతే తర్వాత ఆ కోడ్ ఎవడూ ముట్టుకోడు.

పాత_బ్యాకెండ్:
మనిషి దొరుకుతాడన్న మాట నిజమే, కానీ ఆ పోర్టల్ తెరిచేదెవరో చూడండి. ఆఖరి తేదీ రోజు ఊళ్లో పాత ఫోన్ పట్టుకుని, సిగ్నల్ వస్తూ పోతూ ఉంటే ఫీజు కట్టాలని చూసే తండ్రి. క్రోమ్ బ్రౌజర్‌లో డెవలపర్ల కోసం ఉండే డెవ్‌టూల్స్‌లో నెట్‌వర్క్ స్పీడు 3జీకి తగ్గించి ఏదైనా మామూలు రియాక్ట్ పేజీ తెరవండి. ముందు రూట్ అనే ఒక్క డివ్ ఉన్న ఖాళీ హెచ్‌టీఎంఎల్ వస్తుంది, తర్వాత జావాస్క్రిప్ట్ బండిల్ (పేజీ కోడ్ అంతా కట్టిన మూట) దిగాలి, అది ఫోన్లో రన్ అవ్వాలి, అప్పుడు ఏపీఐకి వెళ్లి డేటా తెచ్చుకోవాలి, అంతసేపూ స్పిన్నర్ తిరుగుతూనే ఉంటుంది. జాంగో అయితే బాకీ ఎంతో మొదటి రెస్పాన్స్‌లోనే వచ్చేస్తుంది. ట్విట్టర్ 2010లో రెండరింగ్, అంటే పేజీ తయారుచేసే పని, బ్రౌజర్‌కి అప్పజెప్పి 2012లో మళ్లీ సర్వర్‌కే తెచ్చుకుంది, మొదటి లోడ్ టైమ్ ఐదో వంతుకి దిగిందని వాళ్లే రాశారు.

పైగా ఉన్నది ఇద్దరు. రియాక్ట్ పెడితే ఫామ్ వ్యాలిడేషన్ రెండు చోట్ల రాయాలి, రౌటింగ్, లాగిన్ టోకెన్లు అన్నీ మళ్లీ మీ నెత్తినే. జాంగోలో లాగిన్ సెషన్లు, సీఎస్‌ఆర్‌ఎఫ్ (వేరే సైట్ నుంచి వచ్చే దొంగ రిక్వెస్టుల్ని ఆపే) రక్షణ, అడ్మిన్ ప్యానెల్ ముందే ఉన్నాయి, అకౌంట్స్ సెక్షన్ వాళ్లకి ఆ అడ్మినే సరిపోతుంది. యాప్ వస్తే? ఫీజు లెక్క వ్యూల్లో (పేజీ రిక్వెస్టుకి జవాబిచ్చే కోడ్‌లో) కాకుండా విడి ఫంక్షన్లలో పెట్టుకోండి, ఆ రోజు ఏపీఐ రాసుకోవచ్చు.

జేఎస్_ప్రేమి:
మరి రియాక్ట్ మీద కట్టిన నెక్స్ట్ జేఎస్ ఫ్రేమ్‌వర్క్ ఉందిగా? 2016 నుంచీ సర్వర్ రెండరింగ్ చేస్తూనే ఉంది.

పాత_బ్యాకెండ్:
చేస్తుంది, కాదనను. కానీ హైడ్రేషన్‌కి, అంటే వచ్చిన పేజీకి జావాస్క్రిప్ట్ తగిలించి పనిచేయించడానికి, బండిల్ ఎలాగూ దిగాలి, అప్పటిదాకా కొన్ని బటన్లు కనిపిస్తాయి గానీ నొక్కితే పలకవు. జాంగో పక్కన ఇంకో నోడ్ సర్వర్ (జావాస్క్రిప్ట్ నడిపేది) నడపాలి, అర్ధరాత్రి పడిపోతే చూసేది ఈ ఇద్దరే. సెర్చ్, ఫిల్టర్లకి హెచ్‌టీఎంఎక్స్ చాలు, సర్వర్ పంపిన హెచ్‌టీఎంఎల్‌తో పేజీలో ఆ ముక్క వరకే మార్చే చిన్న లైబ్రరీ అది. టైమ్‌టేబుల్ డ్రాగ్ చేసి మార్చే స్క్రీన్ లాంటిది ఉంటే ఆ పేజీ వరకు రియాక్ట్ పెట్టండి, నేనూ అదే పెడతాను.

కొత్తగా_చేరా:
హాస్టల్ గదుల అలాట్‌మెంట్ అలాంటిదే అన్నా, డ్రాగ్ కావాలన్నారు.

జేఎస్_ప్రేమి:
ఇలాగే మొదలవుతుంది. ఇవాళ ఒక పేజీ, ఆర్నెల్లకి పది, అప్పుడు రెండు రకాల కోడ్ మొయ్యాలి.

పాత_బ్యాకెండ్:
పది పేజీలకి నిజంగా అవసరమైతే అప్పుడు మార్చుకుంటారు. ఫీజు పేజీ మాత్రం అందులోకి వెళ్లనివ్వకండి.