బుధవారం బైబిల్ స్టడీ ఇంకో ప్రసంగం కాకుండా ఎలా నడపాలి? (తిరుపతి, చిత్తూరు వాళ్ళు చెప్పండి)

కొర్లగుంట_యూత్
అందరికీ వందనాలు. మాది తిరుపతి, కొర్లగుంట వైపు చిన్న సంఘం. కరోనా టైంలో ఆగిపోయిన బుధవారం బైబిల్ స్టడీని మళ్ళీ మొదలుపెట్టే పని పాస్టర్ గారు మా యూత్ మీద పెట్టారు. అప్పట్లో పేరుకే స్టడీ. రెండు పాటలు, ఒక ప్రార్థన, ముప్పావు గంట ప్రసంగం, ఆమెన్. బైబిల్ తెరిచేది ప్రసంగించే ఆయన ఒక్కరే. ఆదివారం ఎలాగూ వింటున్నాం, బుధవారం కూడా అదే అయితే డ్యూటీ దిగి ఎవరొస్తారు?

ఇంకో సంగతి. మావాళ్ళకి వచనాలు చాలా వచ్చు. జనవరి ఒకటిన తీసుకున్న వాగ్దానం కార్డు, అంటే ఆ ఏడాదికని ఒక బైబిల్ వచనం రాసున్న కార్డు, ఏడాదంతా బీరువా అద్దానికి అంటించి ఉంటుంది. వాట్సాప్ స్టేటస్‌లో రోజుకొకటి. ఆ వచనానికి ముందేముంది, వెనకేముంది అంటే మాత్రం చెప్పేవాళ్ళు తక్కువ. గుంపుగా కూర్చుని చదివిన అనుభవం ఉన్నవాళ్ళు రాయండి. ఏ పుస్తకంతో మొదలుపెట్టారు, ఎవరు నడిపారు, ఎక్కడ చెడింది, అన్నీ.

నైట్‌డ్యూటీ_సిస్టర్
వాగ్దానం కార్డుల మాట మీరే ఎత్తారు కాబట్టి చెబుతా. యిర్మీయా 29:11 లేని కార్డుల పెట్టె నేను చూడలేదు. దేవుని ఉద్దేశాలు సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావు అనే మాట. దానికి పైన ఉన్న పదో వచనాన్ని ఎవరూ కార్డు మీద వేయరు. బబులోనులో డెబ్బై ఏళ్ళు గడవాలి అని ఉంటుంది అక్కడ. అది యెరూషలేము నుంచి బబులోనుకు చెరలోకి పోయినవాళ్ళకు యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరం. ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, మిమ్మల్ని తీసుకుపోయిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థన చేయండి అంటాడు. ఆ రోజు ఉత్తరం విన్న పెద్దవాళ్ళలో ఎంతమంది తిరిగి యెరూషలేము చూసుంటారు? మొత్తం చదివితే ధైర్యం తగ్గదు. వచ్చే నెలకే అంతా సర్దుకుంటుందన్న ఆశ మాత్రం పోతుంది, ఆ స్థానంలో ఇంకొంచెం గట్టిది వస్తుంది.

మేం హాస్టల్లో నలుగురం నర్సులం. డ్యూటీలు కలిసిన రోజు కీర్తనలు వరసగా చదువుతాం, ఏదీ వదలం. అలా వదలకుండా పోతే 88వ కీర్తన వస్తుంది. చాలా మొరల కీర్తనలు చివర్లో స్తుతికి తిరుగుతాయి, ఇది తిరగదు. చీకట్లోనే ముగుస్తుంది. ఐసీయూ బయట చాప మీద కూర్చున్న ఒకామె, భర్త లోపల వెంటిలేటర్ మీద, ఏదైనా చదవమ్మా అని అడిగింది. కార్డు వచనం చెప్పడానికి నాకు నోరు రాలేదు. 88 చదివాను. "ఇట్లా కూడా రాసుందా బైబిల్లో?" అని ఇంకోసారి చదివించుకుంది.

పలమనేరు_రైతుబిడ్డ
మేం రూతుతో మొదలుపెట్టాం. నాలుగే అధ్యాయాలు, కొత్తవాళ్ళకు భయముండదు. రెండో అధ్యాయంలో భర్త చనిపోయిన రూతు పరిగె, అంటే కోత తర్వాత చేలో మిగిలిన వెన్నులు, ఏరుకోవడానికి పోతుంది కదా. నడిపే తమ్ముడు డిగ్రీ చదివినవాడు, పరిగె గురించి వివరించబోయాడు. ఒక అవ్వ ఆపేసింది. "మాకు నువ్వు చెప్పేదేందిరా" అని తనే మొదలుపెట్టింది. శనక్కాయ పెరికినాక చేలో మిగిలిన కాయల కోసం పొద్దున్నే పోవడం, వంగి వంగి మట్టి పెళ్ళలు చిదిపి కాయల్ని ఒళ్ళో వేసుకోవడం, కాపలావాడి అరుపులు, వయసులో ఉన్న ఆడది ఒంటరిగా పోవాలంటే ఉండే భయం, అన్నీ చెప్పింది. ఆమె చెప్పాకనే మాకు ఆ పొలం యజమాని బోయజు మాటల బరువు తెలిసింది. ఈ పిల్లను ముట్టవద్దని పనివాళ్ళకు ముందే ఆజ్ఞ పెడతాడు. పనల్లోంచి కావాలనే కొన్ని లాగి పడేయమంటాడు. సాయంత్రానికి తూమెడు యవలు తేలాయని పదిహేడో వచనంలో చదివితే అవ్వ "ఒక్క దినానికా!" అని నోరు తెరిచేసింది.

అక్కడి నుంచి లేవీయకాండం 19కి పోయాం. ఏడాదిలో బైబిల్ ముగించాలనుకునే ప్లాన్లన్నీ ఆగిపోయే పుస్తకం అదేగదా! పొలం అంచుల దాకా పూర్తిగా కోయకూడదు, పరిగె ఏరుకోకూడదు, బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టాలి అనే చట్టం అందులోనే ఉంది. మోయాబు దేశం నుంచి వచ్చిన రూతు బతికింది ఆ చట్టం మీదనే.

గుంపులో ఒక రైతు ఉన్నాడు, ఆరోజు నోరు విప్పలేదు. ఆ ఏడు కాయ పెరికాక వెంటనే ట్రాక్టరు తోలించకుండా ఆపి, ఏరుకునేవాళ్ళను రానిచ్చాడు. ఎందుకన్నా అంటే "దున్నేదానికి తొందరేముంది" అన్నాడంతే.

కొర్లగుంట_యూత్
అన్నా, ఇది బాగుంది. రూతు నోట్ చేసుకున్నా. మా దగ్గర రైతులు లేరు, అందరూ షాపులు, ఆటోలు, ఫ్యాక్టరీ షిఫ్టులు.

సెమినరీ_తమ్ముడు
ఒక చిన్న విషయం చెబితే పనికొస్తుందేమో. అధ్యాయాలు, వచనాల నంబర్లు రాసినవాళ్ళు వేసినవి కావు. ఇప్పుడున్న అధ్యాయాల విభజన 13వ శతాబ్దం మొదట్లో ఇంగ్లండుకు చెందిన స్టీఫెన్ లాంగ్టన్ పేరు మీద వచ్చింది. కొత్త నిబంధనకు మనం వాడే వచనాల నంబర్లు 1551లో రాబర్ట్ ఎస్తియెన్ అనే ముద్రాపకుడు తన గ్రీకు ప్రతిలో వేశాడు. అంటే కొత్త నిబంధన పుట్టిన తర్వాత దాదాపు పధ్నాలుగు వందల యాభై ఏళ్ళు ఎవరూ "ఫిలిప్పీ 4:13" అనలేదు. ఫిలిప్పీయులకు వచ్చింది పౌలు రాసిన ఒక ఉత్తరం, ఉత్తరాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపిస్తారు. అలా చదివితే "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" అన్నది ఎంసెట్ ర్యాంకు గురించి రాసింది కాదని వెంటనే తెలుస్తుంది. పౌలు ఉన్నది బంధకాల్లో, అంటే ఖైదులో. దాని ముందు మాట ఆకలితో ఉండటం కూడా నేర్చుకున్నానని.

మేం చేసేది: వాక్యభాగాన్ని పెద్ద అక్షరాల్లో, నంబర్లు తీసేసి, రెండు వైపులా ఖాళీ వదిలి జిరాక్స్ తీయిస్తాం. మనిషికొక కాగితం, ఒక పెన్సిల్. ముందు పావుగంట ఎవరూ మాట్లాడరు. మళ్ళీ మళ్ళీ వచ్చే మాటల కింద గీత, అర్థం కానిచోట ప్రశ్న గుర్తు. తర్వాత మూడు ప్రశ్నలే: ఇక్కడేముంది, ఆరోజు విన్నవాళ్ళకు ఏం అర్థమై ఉంటుంది, ఇప్పుడు నేనేం చేయాలి. యూఈఎస్ఐ (కాలేజీ విద్యార్థుల క్రైస్తవ సంస్థ) కూడికలకు వెళ్ళిన అన్నయ్యలకు ఈ పద్ధతి బాగా తెలుసు. మూడో ప్రశ్నకు అందరూ తొందరపడతారు, మొదటిదాని మీదే సగం టైం పెట్టండి.

తిలక్‌రోడ్_టీచరమ్మ
మేము కథోలికులం, మాట్లాడొచ్చా? మాకు బైబిల్ చదివే అలవాటు లేదని చాలామంది అనుకుంటారు. ఆదివారం పూజలో చదివే పఠనాలు మూడేళ్ళ చక్రంలో వస్తాయి, మత్తయి, మార్కు, లూకా సువార్తలు ఏడాదికొకటి. మా వీధిలో ఐదారిళ్ళ వాళ్ళం శనివారం సాయంత్రం కూర్చుని రేపటి సువార్తను ముందే చదువుతాం. నాలుగు మెట్ల పద్ధతి: చదవడం, ధ్యానించడం, ప్రార్థించడం, ఆ తర్వాత ఊరికే దేవుని సన్నిధిలో ఉండటం. 12వ శతాబ్దంలో గ్విగో అనే సన్యాసి దీన్ని మెట్లుగా రాసిపెట్టాడు. లేఖనాలు తెలియకపోవడమంటే క్రీస్తు తెలియకపోవడమే అని పునీత జెరోము అన్నది మా ఫాదర్ ఎప్పుడూ గుర్తుచేస్తారు. నాలుగో మెట్టు దగ్గర మా పిల్లలు నిద్రపోతారు, అది వేరే విషయం.

మొహమాటం_లేని_మనిషి
అందరూ తీపిగా రాస్తున్నారు, చేదు నేను రాస్తా. చిత్తూరులో మేం నడిపిన గుంపు బైబిల్ స్టడీ వల్లనే చీలింది. ఒకాయన యూట్యూబ్‌లో విన్నదంతా తెచ్చి ప్రతివారం వడ్డించేవాడు. బాప్తిస్మం మీద మొదలైన వాదన కులం దాకా, ఎవరి పాస్టర్ గొప్ప అనేదాని దాకా పోయింది. గ్రీకు మాటలు బాగా వచ్చినాయన ఇంట్లో భార్యతో మాట్లాడే తీరు వీధంతా వింటుంది. జ్ఞానము ఉప్పొంగజేయును అని 1 కొరింథీ 8లో ఊరికే రాయలేదు. స్టడీ పెంచే ముందు మనుషులు మారుతున్నారో లేదో చూసుకోండి.

సెమినరీ_తమ్ముడు
నిజమే సార్. మాకూ ఆ గొడవ వచ్చింది. అందుకే ఒక రూల్ పెట్టుకున్నాం: ఆరోజు ముందున్న భాగంలో చూపించగలిగిందే మాట్లాడాలి. ఫోన్లు చెప్పుల దగ్గర బుట్టలో. "అక్కడ ఎక్కడుంది, చూపించండి" అనే మాట పెద్దవాళ్ళను కూడా అడగొచ్చు. బెరయ అనే ఊరి వాళ్ళు పౌలు చెప్పినదాన్నే లేఖనాల్లో వెతికి చూశారు, అపొస్తలుల కార్యములు 17 వాళ్ళను ఘనులని మెచ్చుకుంటుంది. ఈ అలవాటు ఉన్న సంఘంలో బయటి నుంచి వచ్చి కానుక వేస్తే అప్పు తీరిపోతుందని చెప్పేవాళ్ళ ఆటలు అంత తేలిగ్గా సాగవు.

టిఫిన్‌సెంటర్_అక్క
నేను ఏడు దాకానే చదివినా. మా ఇంటి పక్క కూడికలో లూకా 10 మరియ, మార్త భాగం పెట్టినారు. యేసు ఇంటికొస్తే మార్త పనిలో ఉంటాది, ఆమె తోబుట్టువు మరియ ఆయన పాదాల దగ్గర కూర్చుని వింటాది. ఎప్పుడూ లాగే మరియ మంచిది, మార్త తప్పు అని అయిపోతా ఉంటే నేను అడిగినా: అందరూ పాదాల దగ్గర కూర్చుంటే వచ్చినోళ్ళకు కూడు ఎవరు పెడతారు? పొద్దున నాలుక్కి లేచి పిండి చూసుకునేదాన్ని నేను, నాకు కోపం వచ్చింది. నడిపే పాస్టరమ్మ జవాబు చెప్పలేదు, ఇంకోసారి చదువుదాం అనింది. చదివితే ప్రభువు వంట చేసినందుకు ఏమీ అనలేదు. నానా పనుల గురించి తొందరపడతా ఉండావు అన్నాడు. ఆడది శిష్యుల మాదిరి కూర్చుని వినేదాన్ని తీసేయనని కూడా అన్నాడు. ఆ మాట ఇదివరకు నాకు ఎవరూ చెప్పలా. ఆ వారం నుంచి మా కూడికలో టీ పెట్టేది, గ్లాసులు కడిగేది మగపిల్లోళ్ళు. టీ బాగుండదు, అయినా తాగుతాం.

చిత్తూరు_పాతకాపు
అక్క రాసింది చదివి మా అవ్వ గుర్తొచ్చింది. ఈ జిల్లాలో వాక్యం ఇళ్ళల్లోకి పోయిందే ఆడవాళ్ళ చేతుల మీద. 1853లో స్కడర్ సోదరులు పెట్టిన ఆర్కాట్ మిషన్ చిత్తూరు, మదనపల్లె వైపంతా పనిచేసింది. వేలూరు సీఎంసీ ఆసుపత్రి ప్రారంభించిన ఐడా స్కడర్ గారిదీ ఆ కుటుంబమే. మా అవ్వ వాళ్ళమ్మ బైబిల్ ఉమన్. బయటికి రాని ఆడవాళ్ళ ఇళ్ళకు పోయి ఒక ఉపమానం చదివి, వాళ్ళతో తిరిగి చెప్పించేదంట. చదువు రాని ఇంట్లో కథ నిలబడాలంటే అదే దారి.

ఆమె వాడిన బైబిల్ మా ఇంట్లో ఉంది. పాత నిబంధనకీ కొత్త నిబంధనకీ మధ్య తెల్ల కాగితం మీద పెళ్ళిళ్ళు, పుట్టుకలు, చావులు వరసగా రాసుంటాయి. యోహాను సువార్త పేజీల మూలలు నలిగి గుడ్డలా మెత్తబడిపోయాయి. ఆమె ఎక్కడ ఎక్కువ తిరిగిందో చేత్తో తాకితే తెలుస్తుంది.

మా కోడలు గుడియాత్తం పిల్ల, తమిళ బైబిల్ చదువుతుంది. కుటుంబ ప్రార్థనలో ఒక వచనం తెలుగులో, ఒకటి తమిళంలో పోతాయి. చదువు రానివాళ్ళుంటే యాప్‌లో ఆడియో పెట్టండి, మార్కు సువార్త మొత్తం గంటన్నరలో వినేయొచ్చు.

కొర్లగుంట_యూత్
అందరికీ చాలా థ్యాంక్స్. మొహమాటం లేని సార్‌కి కూడా. మా ప్లాన్: ముందు రూతు, తర్వాత మార్కు. నంబర్లు లేని జిరాక్స్, ఫోన్ల బుట్ట, ఏడున్నరకి మొదలు, ఎనిమిదిన్నరకి ముగింపు. షిఫ్టు వాళ్ళ కోసం అదే భాగం శనివారం పొద్దున ఇంకోసారి. నడిపేది వారానికొకరు. పాస్టర్ గారు వచ్చి మూలన కూర్చుంటానన్నారు, మధ్యలో మాట్లాడకుండా ఉండగలరా అనేదే మా టెన్షన్.

ఒక్క డౌట్. మా కుర్రాళ్ళు ప్రకటన గ్రంథమే కావాలని గొడవ. అందులో మృగం సంఖ్య 666, దాని ముద్ర, అవే. ఎవరైనా చేశారా?

సెమినరీ_తమ్ముడు
2, 3 అధ్యాయాలతో మొదలుపెట్టండి బ్రదర్, ఏడు సంఘాలకు ఏడు ఉత్తరాలు. వారానికొక సంఘం. చల్లగానైనా వెచ్చగానైనా లేని లవొదికయ సంఘం దగ్గరికి వచ్చేసరికి 666 అడిగేవాళ్ళు కొంచెం తగ్గుతారు. మిగిలినవాళ్ళకు దానియేలు, యెహెజ్కేలు ముందు చదివి రమ్మనండి, ఆ మృగాలు, సింహాసనాలు చాలావరకు అక్కడివే.

టిఫిన్‌సెంటర్_అక్క
శనివారం పొద్దున పెట్టేదైతే ఎనిమిదికి ముందు పెట్టొద్దు తమ్ముడూ, మా లాంటోళ్ళు రాలేరు.